బీజగణితం చేసే కంప్యూటరు – మన తమ్ముడు రాసిన ప్రతిపాదన



వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థుల తరఫున ఒక పాఠం రాసి ఇవ్వమని ఈసారి మమ్మల్ని అడిగారు. మేము అంటే ఈ వసతి గృహంలో వేర్వేరు బ్యాచుల్లో చదువుకున్న నలుగురం. ఒకరం లెక్కల మాస్టారు, ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నాం, ఒకరం బ్యాంకులో. ఈఏపీసెట్ చిట్కాలు రాద్దామా, ఇంగ్లీషు గ్రామరు రాద్దామా అని తర్జనభర్జన పడుతుండగా, మన హాస్టల్లోనే పదో తరగతి దాకా ఉండి ఇప్పుడు డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, సిమ్‌పై అని లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దానిలో పని చేస్తానని ప్రతిపాదన పంపాలి. మీరొకసారి చూసి పెడతారా?" అన్నాడు. మూడు ఆదివారాలు అతనితో కూర్చున్నాం. ఆ ఆదివారాల్లో జరిగిందే ఈ పాఠం.

ముందు ఆ సాఫ్ట్‌వేర్ ఏమిటో చెప్పుకుందాం. లెక్కలంటే భయపడే వాళ్లు కూడా ఈ భాగం వదిలేయకండి. ఇందులో ఉన్నది మన పదో తరగతి, ఇంటరు లెక్కలే.

కాలిక్యులేటరుకు, బీజగణితానికి తేడా

కాలిక్యులేటరులో 2కు వర్గమూలం కొడితే 1.4142135 అని వస్తుంది. అది √2 కాదు, √2కు దగ్గరి దశాంశం. పైథాన్ అనే కంప్యూటరు భాషలో మామూలు పద్ధతిలో √2 తీసి మళ్లీ దాన్నే వర్గం చేయించండి. జవాబు 2 రాదు, 2.0000000000000004 అని వస్తుంది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంటుంది. యంత్రం చెడిపోయిందేమో అనుకోవద్దు. కంప్యూటరు సంఖ్యలను రెండు అంకెల పద్ధతిలో, అంటే 0, 1లతో, కొన్ని స్థానాలవరకే దాచుకుంటుంది. మనం 1/3ను 0.333 దగ్గర ఆపేస్తే ఎలా కొంచెం తరుగుతుందో అక్కడా అలాగే తేడా వస్తుంది.

పరీక్షలో మనం అలా రాయం. √8 వస్తే 2√2 అని రాసి వదిలేస్తాం. 1/3 + 1/6 = 1/2 అని భిన్నంగానే తేలుస్తాం. ఎక్స్ విలువ తెలియకపోయినా (ఎక్స్ + 1)² ను విస్తరిస్తాం. ఇలా గుర్తులను గుర్తులుగానే ఉంచి లెక్క చేయడాన్ని కంప్యూటరుకు నేర్పితే దాన్ని సింబాలిక్ గణితం అంటారు. మేము మా మాటల్లో అక్షర గణితం అనుకున్నాం.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఎంఐటీలో మాక్సిమా అనే పేరుకు మూలమైన మాక్సిమా ముందు తరం సాఫ్ట్‌వేర్ – దాన్ని మాక్‌సిమా అని పలుకుతారు – పని 1968లోనే మొదలైంది. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయంలో మేపుల్ 1980లో మొదలైంది. మేథమెటికా 1988లో వచ్చింది. వీటిలో మేపుల్, మేథమెటికా డబ్బు పెట్టి లైసెన్సు కొనుక్కోవలసినవి. వాటి లోపలి కోడ్ మొత్తం మనం తెరిచి చూడలేం. జవాబు వస్తుంది గానీ ఎలా వచ్చిందో పూర్తిగా తెలియదు.

సిమ్‌పై అలా కాదు. చెక్ దేశస్థుడైన ఒండ్రేయ్ చెర్టీక్ దీన్ని 2005లో మొదలుపెట్టాడు. 2005 వేసవిలో కొంత, 2006 వేసవిలో మరికొంత కోడ్ రాశాడు. 2007లో ఫాబియాన్ పెద్రెగోసా అనే ఆయన చేరి తప్పులు సరిదిద్ది, వివరణలు రాసి మళ్లీ ప్రాణం పోశాడు. అదే వేసవిలో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అనే పథకం కింద ఐదుగురు విద్యార్థులు దానిలో పని చేశారు. పియారు పీటర్సన్ అనే ఆయన దాని మూల భాగాన్ని తిరగరాస్తే వేగం పది నుంచి వంద రెట్లు పెరిగింది. 2009లో విద్యార్థిగా ఇదే పథకం కింద అవకలన సమీకరణాల మీద పని చేసిన ఆరన్ మ్యూరర్ 2011 జనవరికల్లా మొత్తం ప్రాజెక్టుకు నాయకుడయ్యాడు. ఈ ఒక్క సంగతి మన తమ్ముడికి బాగా పట్టింది. "రెండేళ్లలో అన్నా, రెండేళ్లలో!" అని మూడుసార్లు అన్నాడు.

సిమ్‌పై పూర్తిగా పైథాన్‌లో రాసినది. బీఎస్‌డీ లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు, తెరిచి చదవవచ్చు, మార్చవచ్చు, పైసా కట్టనక్కర లేదు. కంప్యూటరు లేనివాళ్లు ఫోను బ్రౌజరులోనే సిమ్‌పై లైవ్ తెరిచి లెక్కలు చేసి చూడవచ్చు. మన తమ్ముడు మొదటి నాలుగు నెలలు చేసింది ఫోనులోనే.

హాజరు లెక్క, అవకలనం

యంత్రం ఎక్స్² + 3ఎక్స్ ను ఎలా చూస్తుంది? చెట్టులా చూస్తుంది. పైన వేరు దగ్గర "కూడిక" ఉంటుంది. దాని కింద రెండు కొమ్మలు. ఒక కొమ్మ "ఘాతం", దాని కింద ఎక్స్, 2. రెండో కొమ్మ "గుణకారం", దాని కింద 3, ఎక్స్. అంతే.

ఇప్పుడు దీని అవకలజం కావాలి. రాత్రి స్టడీ అవర్‌కు ముందు మన వార్డెన్ సారు హాజరు ఎలా తీసుకుంటారో గుర్తు తెచ్చుకోండి. సారు ప్రతి పిల్లవాణ్నీ లెక్కపెట్టరు. రూమ్ లీడర్లను అడుగుతారు. రూమ్ లీడరు తన గదిలో వాళ్లను లెక్కపెట్టి చెబుతాడు. సారు ఆ అంకెలు కలుపుకుంటారు. సిమ్‌పై కూడా అంతే చేస్తుంది. కూడిక తన రెండు కొమ్మలను "మీ అవకలజం ఎంత?" అని అడుగుతుంది. ఘాతం తనకు తెలిసిన సూత్రం ప్రకారం 2ఎక్స్ అంటుంది. గుణకారం తన సూత్రం ప్రకారం 3 అంటుంది. కూడిక రెండూ కలిపి 2ఎక్స్ + 3 అని పైకి చెబుతుంది. ఎంత పెద్ద సమాసమైనా పద్ధతి ఇదే. అందుకే అవకలనం యంత్రానికి తేలిక.

సమాకలనం అలా కాదు. ఇంటరు చదివిన వాళ్లకు ఈ బాధ తెలుసు. రెండు ప్రమేయాల లబ్ధాన్ని అవకలనం చేయడానికి సూత్రం ఉంది, సమాకలనం చేయడానికి అన్నిచోట్లా పనిచేసే సూత్రం లేదు. విభాగ సమాకలనం చేయాలా, ప్రతిక్షేపించాలా, పాక్షిక భిన్నాలుగా విడగొట్టాలా అన్నది చూసి ఊహించాలి. పైగా కొన్నింటికి మనకు తెలిసిన ప్రమేయాల్లో జవాబే ఉండదు. ఈ ఘాతం మైనస్ ఎక్స్² అలాంటిది. అలాంటి వాటికి జవాబు లేదని నిరూపించే దారిని లియోవిల్ అనే ఫ్రెంచి గణితవేత్త 1830ల్లో చూపాడు. 1960ల చివర రాబర్ట్ రిష్ ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో తేల్చే పద్ధతి ఇచ్చాడు. కానీ దాన్ని పూర్తిగా కోడ్‌గా రాయడం ఎంతో కష్టం. సిమ్‌పైలో దానిలో కొంత భాగం ఉంది. దాంతోపాటు ఇంకా కొన్ని పద్ధతులు ఉన్నాయి. ఒకటి విఫలమైతే ఇంకొకటి ప్రయత్నిస్తుంది.

ఆ పద్ధతుల్లో ఒకటి మనలాంటి వాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది. చేత్తో చేసే సమాకలనం అని దాని పేరుకు అర్థం. మనం నోటు పుస్తకంలో చేసినట్టే చేస్తుంది. ఏ మెట్టులో ఏ నియమం వాడిందో కూడా అడిగితే చెబుతుంది: ఇక్కడ ప్రతిక్షేపణ, ఇక్కడ విభాగ సమాకలనం అని. దారి దొరకకపోతే వాడే నియమానికి "తెలియదు" అనే పేరు పెట్టారు. మాలో లెక్కల మాస్టారుకు ఇది ఎంతో నచ్చింది. తెలియనప్పుడు తెలియదని రాసే విద్యార్థికి తానైతే సగం మార్కు వేస్తానన్నాడు.

తప్పు పట్టబోయి తెలుసుకున్నది

మన తమ్ముడు ప్రతిపాదన దాకా రావడానికి ముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి.

అతను తెలుగు మీడియం ఇంటరు పుస్తకం దగ్గర పెట్టుకుని, సమాకలనం అధ్యాయంలోని లెక్కలు వరుసగా సిమ్‌పైకి ఇస్తూ వచ్చాడు. 1/ఎక్స్ దగ్గర ఆగాడు. పుస్తకంలో జవాబు లాగ్ |ఎక్స్| + సి. సిమ్‌పై ఇచ్చింది లాగ్ ఎక్స్. పరమమూల్యం గీతలు లేవు, స్థిరరాశి సి లేదు. మన పరీక్షలో ఇలా రాస్తే మార్కు పోతుంది. "దొరికింది తప్పు" అని రాత్రంతా కూర్చుని ఇంగ్లీషులో ఫిర్యాదు రాసి, పంపే ముందు మాకు చూపించాడు.

మేము కూడా మొదట తప్పే అనుకున్నాం. తర్వాత కాగితం మీద చేసి చూశాం. స్థిరరాశి సంగతి తేలిక. సిమ్‌పై అనేకమైన జవాబుల్లో ఒకటి మాత్రమే ఇస్తుంది, సి కావాలంటే మనం కలుపుకోవాలి. ఆ మాట దాని వివరణ పుస్తకంలోనే రాసి ఉంది. గీతల సంగతే చిక్కు. మన పుస్తకం వాస్తవ సంఖ్యల్లో మాట్లాడుతుంది. రుణ సంఖ్యకు లాగ్ లేదు కాబట్టి గీతలు పెట్టింది. సిమ్‌పై మాత్రం మనం ఏమీ చెప్పకపోతే ఎక్స్ ను సంకీర్ణ సంఖ్యగా తీసుకుంటుంది. సంకీర్ణ సంఖ్యల్లో రుణ సంఖ్యకూ లాగ్ ఉంది. ఎక్స్ రుణాత్మకమైతే లాగ్ ఎక్స్ అంటే లాగ్ |ఎక్స్| కు ఐ × పై కలిపినది. ఆ కలిపింది స్థిరరాశి. అవకలనం చేస్తే పోతుంది. అంటే లాగ్ ఎక్స్ ను అవకలనం చేస్తే రెండు వైపులా 1/ఎక్స్ వస్తుంది. రెండు జవాబులూ సరైనవే. ఏ సంఖ్యల లోకంలో నిలబడి మాట్లాడుతున్నామన్నదే తేడా.

√(ఎక్స్²) కూడా ఇలాంటిదే. మనలో చాలామంది గబుక్కున ఎక్స్ అని రాసేస్తాం. ఎక్స్ స్థానంలో మైనస్ 3 పెట్టి చూడండి: √9 అంటే 3, మైనస్ 3 కాదు. సిమ్‌పై ఏమీ చెప్పకపోతే √(ఎక్స్²) ను అలాగే ఉంచుతుంది. ఎక్స్ వాస్తవ సంఖ్య అని ముందే చెబితే |ఎక్స్| అంటుంది. ధనాత్మకం అని చెబితేనే ఎక్స్ అంటుంది.

తమ్ముడు ఆ ఫిర్యాదు పంపలేదు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "పుస్తకంలో ఉన్నదే కరెక్టు అనుకున్నానన్నా" అన్నాడు. మనం చదివిన చదువులో పుస్తకం, సారు – ఇద్దరూ తప్పు చెప్పరు. ఎదుటివాడి జవాబు వేరుగా ఉంటే తప్పు అతనిదే, లేకపోతే మనదే. ఇద్దరిదీ సరైనది కావచ్చు అనే మూడో దారి మాకెవరికీ చిన్నప్పుడు ఎవరూ చూపలేదు. ఆ రాత్రి రాసిన ఫిర్యాదు వృథా కాలేదు. ప్రతిపాదనకు విషయం అందులోంచే వచ్చింది.

ప్రతిపాదన

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005లో మొదలైంది. 2021 దాకా విద్యార్థులకే ఉండేది. 2022 నుంచి ఓపెన్ సోర్స్‌కు కొత్తగా వచ్చే 18 ఏళ్లు నిండిన ఇతరులు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఏ సంస్థలు పాల్గొంటున్నాయో సాధారణంగా ఫిబ్రవరిలో ప్రకటిస్తారు, మార్చి–ఏప్రిల్‌లో ప్రతిపాదనలు తీసుకుంటారు. మనకు కావలసిన సంస్థ ఆ ఏడు జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఎంపికైతే ఇంటి దగ్గరే ఉండి పని చేయాలి. దారి చూపే మెంటర్లు ఉంటారు. పని సరిగా సాగిందని మెంటర్లు తేల్చాక భృతి విడతలుగా ఇస్తారు, దాని మొత్తం దేశాన్ని బట్టి ఉంటుంది.

ఒక ముఖ్యమైన మాట. దీనికి మనం ఎవరికీ ఒక్క రూపాయి కట్టనక్కర లేదు. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ముందే ఫీజు కట్టించుకుని, చివరికి రంగుల సర్టిఫికెట్ ఒకటి చేతిలో పెట్టిన వాళ్ల దగ్గర మా బ్యాచ్ వాళ్లు ఇద్దరు మోసపోయారు. అందులో ఒకరి ఫీజు వాళ్లమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి తెచ్చినది. డబ్బు అడిగారంటే అక్కడే లేచి రండి.

మొదటి ఆదివారం తమ్ముడు తెచ్చిన ప్రతిపాదన రెండు పేజీలు. ఒక పేజీ నిండా తన పేదరికం, నాన్న కూలి పని, హాస్టల్ జీవితం. రెండో పేజీలో కాలిక్యులస్ భాగాన్ని విప్లవాత్మకంగా మారుస్తానని, వేగం పెంచుతానని. ఇంగ్లీషు చూస్తే ధారాళంగా ఉంది. అనుమానం వచ్చి అడిగితే రెండో పేజీ ఫోనులోని ఏఐ రాసిపెట్టిందని ఒప్పుకున్నాడు. అందులో చెప్పిన ఫంక్షన్లలో రెండు సిమ్‌పైలో వెతికితే అసలు లేనే లేవు. చదివేవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి రాసినవాళ్లు. వాళ్లకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

పేదరికం గురించి మాలో మాకే వాదన జరిగింది. రాయాలని ఒకరం, వద్దని ఇద్దరం. చివరికి రెండు వాక్యాలు ఉంచాం: ఇంటరు దాకా తెలుగు మీడియంలో చదివానని, సొంత కంప్యూటరు లేదు కాబట్టి కాలేజీ ల్యాబులో పని చేస్తానని. రెండోది సానుభూతి కోసం కాదు. ల్యాబు ఎన్ని గంటలకు మూస్తారో చెప్పకపోతే, పని గంటల లెక్క నిజం కాదు కదా. ఈ పథకంలో పనులను గంటలుగా కొలుస్తారు, 90 గంటలవి, 175 గంటలవి, 350 గంటలవి ఉంటాయి. అతను 175 ఎంచుకున్నాడు. మే నెలలో సెమిస్టరు పరీక్షలున్న వారాలు కూడా దాచకుండా రాశాడు.

తర్వాత ప్రతిపాదన మొత్తం ముందు తెలుగులో రాయమన్నాం. ఇంగ్లీషులో రాస్తే పెద్ద మాటల వెనక దాక్కోవడం తేలిక. తెలుగులో రాసేసరికి "నువ్వు చేసేది ఏమిట్రా?" అనే ప్రశ్నకు జవాబు చెప్పక తప్పలేదు. జవాబు ఇలా తేలింది: మన పుస్తకం లెక్కలను చేత్తో చేసే పద్ధతికి ఇచ్చినప్పుడు, కొన్నిచోట్ల రెండు వరుసల్లో తేలవలసింది పెద్ద చుట్టుదారిలో వచ్చింది. కొన్నిచోట్ల "తెలియదు" వచ్చింది. అవి ఏవో పట్టిక వేశాడు. పక్కన పుస్తకంలోని దారి రాశాడు. ఆ దారిని నియమంగా ఎలా చేర్చవచ్చో, ఆ నియమం ఎక్కడ తప్పుగా వర్తించే ప్రమాదం ఉందో రాశాడు. మాకు అన్నిటికన్నా బాగా నచ్చింది ఈ చివరి గడే. ప్రతిక్షేపణ చేస్తే ఎక్స్ ఏ అంతరంలో ఉండాలో మరిచిపోతే జవాబు తప్పుతుందని, లాగ్ ఎక్స్ దగ్గర తాను తిన్న దెబ్బనే ఉదాహరణగా ఇచ్చాడు. ఇంగ్లీషులోకి తానే మార్చుకున్నాడు. చిన్న చిన్న వాక్యాలు. వ్యాకరణం తప్పులు మేము దిద్దాం, వాక్యాలు మార్చలేదు.

ఇంకో షరతు ఉంది. సిమ్‌పై వాళ్లు దరఖాస్తు చేసేవాళ్లు ముందుగా కనీసం ఒక చిన్న మార్పు అయినా పంపి, అది చేరి ఉండాలని అడుగుతారు. మాటలు కాదు, చేసి చూపించాలి. మార్పు పంపడాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు. గిట్‌హబ్‌లో సాఫ్ట్‌వేర్ నకలు మన ఖాతాలోకి తీసుకుని, అందులో మార్పు చేసి, "ఇది చూసి మీ అసలు ప్రతిలో కలపండి" అని అడగడం. ఫెయిర్ నోట్సులోకి ఎక్కించే ముందు రఫ్ చూపించినట్టు. చూసేవాళ్లు వరుస వరుసకూ వ్యాఖ్య రాస్తారు. యంత్రం కూడా వేల కొద్దీ పరీక్షలు నడిపి చూస్తుంది. సిమ్‌పైలో వివరణల మధ్య ఇచ్చిన ఉదాహరణలు కూడా పరీక్షలే. ఉదాహరణలో ఒక జవాబు రాస్తే, ఆ జవాబు నిజంగా వస్తుందో లేదో ప్రతిసారీ నడిపి చూస్తారు.

తమ్ముడు పంపింది ఒక కొత్త పరీక్ష, ఒక ఉదాహరణ, అంతా కలిపి పది వరుసల లోపే. మొదటిసారి ఎర్ర గుర్తు పడింది. తన దగ్గర పరీక్షలు నడపకుండానే పంపాడు, ఒక ఖాళీ స్థలం ఎక్కువైంది. మనసు విరిగి తొలగించేద్దామనుకున్నాడు. వద్దని ఆపాం. సరిచేసి మళ్లీ పంపాడు. చూసిన పెద్దమనిషి ఎవరో, ఏ దేశమో తెలియదు, రెండు చోట్ల మార్చమని మర్యాదగా రాశాడు. మార్చాడు. కలిపారు. ఆ పది వరుసల పక్కన ఇప్పుడు అతని పేరు ఉంది. ఊరు, కులం, మీడియం, మార్కులు ఏమీ అడగలేదు. వాళ్లు అడిగింది ఒకటే: పరీక్షలు నెగ్గాయా?

ప్రతిపాదన ఆ ఏడు ఎంపిక కాలేదు. వచ్చే ప్రతిపాదనలు ఎక్కువ, ఇచ్చే స్థానాలు తక్కువ. ఫలితం వచ్చిన రోజు రాత్రి అతను ఫోన్ ఎత్తలేదు. మర్నాడు వాళ్లమ్మ ఎత్తి, "వాడు ల్యాబుకు పోయిండు బాబూ" అంది. తన పట్టికలోని మొదటి వరుసను తీసుకుని, పథకంతో పని లేకుండా మొదలుపెట్టాడట.

ఆ ప్రతిపాదన తెలుగు ప్రతి, ఇంగ్లీషు ప్రతి, మొదట ఏఐ రాసిన రెండు పేజీలు కూడా, మూడూ కలిపి కుట్టి స్టడీ హాలు బీరువాలో లెక్కల పుస్తకాల పక్కన పెట్టాం. తీసి చదివి మళ్లీ అక్కడే పెట్టండి. దసరా సెలవుల తర్వాత రెండో ఆదివారం తమ్ముడు హాస్టల్‌కు వస్తానన్నాడు. ఇంటరు చదివే వాళ్లు పుస్తకం, ఒక రఫ్ నోట్సు తెచ్చుకోండి. పదో తరగతి వాళ్లు √(ఎక్స్²) సంగతి ఇంకోసారి చేసి చూసుకుని రండి, మొదట అదే అడుగుతాడట.